బిడ్డలు ఆటను చూచుదురా, మనలను చూచుదురా?

(పిల్లల క్రీడోత్సవ సన్నాహ సభలో మన సంఘ సభ్యులైన వర్తకులొకరు చేసిన ప్రసంగ పాఠము)



ఈ సంవత్సరము పిల్లల ఆటలపోటీలు జరుపవలెనా, మానవలెనా అనునది నేటి సభ యెదుట నున్న ప్రశ్న. నిరుడు చెడుగుడు పోటీలో కొందఱు తండ్రులు బరిలోనికి దిగి మధ్యవర్తితో కలహించుటయు, ఆట నడుమ నిలిచిపోవుటయు మీరెఱిగినదే. కావున మానివేయుదమని కొందఱనుచున్నారు. మానవలసినది పోటీలను గాదు, బరిలోనికి దిగుటను అని నా మనవి.

చెడుగుడు సంగతియే చూడుడు. దానికి బ్యాటు లేదు, బంతి లేదు, దమ్మిడీ ఖర్చు లేదు. మన తాతలతోపాటు ఈ ప్రాంతమునకు వచ్చిన ఆట. కూతకు పోయినవాని వ్రేలికొన ఎదుటివానికి తగిలినదా లేదా అనునది మధ్యవర్తికంటె ముందు ఆ యిద్దఱికే తెలియును. కూత తెగినదో లేదో ఊపిరి బిగపట్టినవానికే తెలియును. ఎవరును చూడకున్నను “తగిలినది, నేను ఔటు” అని తనంత తాను గీత దాటి వచ్చిన పిల్లవానికి, రేపు అంగడిలో త్రాసు పట్టుట వేఱుగ నేర్పనక్కఱలేదు. ఇది వర్తకుని మాట యందురేమో, నాకు తెలిసిన కొలత అదియే.

అట్లు వచ్చినవానితో ఇంటికడ మనమేమనుచున్నాము? “వెఱ్ఱివాడా, ఎవరు చూచిరని చెప్పితివి?” అనుచున్నాము. బరిలో నేర్చినది భోజనమువేళకు పోవుచున్నది.

ఆట చూచునపుడును ఇంతే. 1980 ఫిబ్రవరిలో బొంబాయిలో ఇంగ్లండుతో జరిగిన స్వర్ణోత్సవ టెస్టులో మన జట్టు నాయకుడు గుండప్ప విశ్వనాథ్. భద్రావతిలో పుట్టిన మన కర్ణాటకమువాడు. ఇంగ్లండు అయిదు వికెట్లు పోగొట్టుకొని కష్టములో నుండగా, బాబ్ టేలర్ క్యాచి ఇచ్చెనని అంపైరు ఔటు ప్రకటించెను. బంతి బ్యాటునకు తగులలేదని స్లిప్పులో నున్న విశ్వనాథ్ నమ్మెను. అంపైరుతో చెప్పి టేలరును వెనుకకు పిలిపించెను. ఆ టేలరు బోథంతో కలిసి జట్టునకు 171 పరుగులు చేర్చెను. ఇంగ్లండు పది వికెట్ల తేడాతో గెలిచెను.

ఈ కథను బిడ్డలకు చెప్పువారు తుది ఫలితమును మ్రింగివేయుట కలదు. అది తగదు. న్యాయముగ నుండినవాడు తప్పక గెలుచునని విని పెరిగిన పిల్లవాడు మొదటి ఓటమితోనే న్యాయమును వదలును. “మనము ఓడితిమి, అయినను ఆయన చేసినది సరి” అని కొడుకు మొగము చూచి చెప్పగలిగిన తండ్రి కావలెను. చెప్పలేనివాడు ఆ కథ ఎత్తకుండుటయే మేలు.

మనవలె ఆంధ్రదేశమునకు వెలుపల, నాగపురమున స్థిరపడిన తెలుగు కుటుంబములో 1895లో జన్మించిన సి.కె. నాయుడుగారి సిక్సర్లను మనము గర్వముతో చెప్పుకొందుము. చెప్పుకొనవలసినదే. 1932లో లార్డ్స్ మైదానమున మన దేశపు తొలి టెస్టునకు ఆయన నాయకుడు. చేతికి దెబ్బ తగిలియు తొలి ఇన్నింగ్సులో మనవారందఱికంటె ఎక్కువగా 40 పరుగులు చేసెను. అయితే ఆ యాత్రకు నాయకుడుగా వెళ్లిన పోర్‌బందరు మహారాజు, తనకంటె ఆటగాడు వేఱొకడున్నాడని ఎఱిగి ప్రక్కకు తొలగుటచేతనే ఆ పదవి నాయుడుగారికి వచ్చినది. నాయుడుగారిపై అభిమానము ఇసుమంతయు తగ్గకయే చెప్పుచున్నాను: సంఘములలో పదవులు పట్టుకొని వ్రేలాడు మనవంటివారి పిల్లలకు ఈ రెండవ సంగతి ముందు చెప్పవలెను.

ఇక ఏర్పాట్లు. నిజము చెప్పిన బాలునకు వెండి కప్పు ఇత్తమని ఒక మిత్రుడు సూచించెను. నేనంగీకరింపను. కప్పు కొఱకు చెప్పిన నిజము సరుకైపోవును, సరుకునకు నకిలీ పుట్టును. జట్లను ఇంటిపేర్లనుబట్టి గాని, వీధులనుబట్టి గాని విడదీయక చీట్లు వేసి కలుపవలెను. ఇరుగుపొరుగు కన్నడ బాలురు రాదలచినచో వారి పేర్లును అదే పెట్టెలో పడవలెను. తరతరములుగ వారి నడుమ బ్రదుకుచు వారు లేకుండ ఆడుట నాకు నచ్చదు.

బరిచుట్టు సున్నపు గీత, గీతకు పది అడుగుల కావల పెద్దలకు బెంచీలు. మధ్యవర్తి మాటకు అడ్డు చెప్పినవారెవరైనను, నేనైనను సరే, ఆనాటికి ఇంటికి పోవలెను. బెంచీల బాడుగ నా పద్దున వ్రాసికొనుడు.