బర్మారు పేలకపోతే ముందు ఆగండి

(కిష్టారెడ్డిపేటలో జరిగిన రైతు సంఘం సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

జహీరాబాద్ నుంచి చెరకు రైతులు వచ్చారు, నారాయణఖేడ్ నుంచి కంది, పత్తి రైతులు వచ్చారు. కిష్టారెడ్డిపేటలో తుపాకి గురించి మాట్లాడటమేమిటని మీలో కొందరు నవ్వుకోవచ్చు. ఇక్కడ ఒకపక్క ఔటర్ రింగు రోడ్డు, ఇంకోపక్క పటాన్‌చెరు ఫ్యాక్టరీలు, నడుమ అపార్టుమెంట్లు. కానీ ప్లాట్లు చేసి వదిలేసిన భూముల్లో సర్కారు తుమ్మ అడవిలా పెరిగింది. పగలంతా అడవిపందులు అందులో పడుకుంటాయి. చీకటి పడగానే మిగిలిన కాస్త మక్క చేల మీద పడతాయి. సాగు తగ్గినకొద్దీ ఉన్న చేనుకు పందుల బెడద పెరుగుతోంది. మీకు అడవి పక్కన ఉన్న బాధ, మాకు లేఅవుట్ల పక్కన ఉంది.

పంట కాపలాకు మనలో కొందరి దగ్గర లైసెన్సు బర్మారు ఉంది. గొట్టం మూతిలోంచి మందు పోసి, పీచు దట్టించి, గుండు దించి, వెనకాల టోపీ పెట్టి కాల్చే తుపాకి. దీన్ని రైఫిల్ అనేవాళ్లున్నారు, కానీ కాదు. రైఫిల్ గొట్టం లోపల మెలికలు తిరిగిన గాడులుంటాయి, మన బర్మారుది నున్నటి గొట్టం. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటంలో మన పెద్దలు వడిసెలలతో పాటు పట్టుకున్నది ఇదే. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లో పంట రక్షణకు మూతిలోంచి మందు పోసే తుపాకి అని ప్రత్యేకంగా రాసి ఉంది. అది చాలదని అధికారికి నమ్మకం కలిగితే వేరే నున్నటి గొట్టం తుపాకికి లైసెన్సు ఇవ్వొచ్చని కూడా అక్కడే ఉంది. ఈ రెండో మాట మనకెవరూ చెప్పరు.

ఇక అసలు సంగతి. "మందు పోశాం, గుండు వేశాం, మీట నొక్కాం, పేలలేదు" అని సంఘం ఆఫీసుకు వచ్చి చెప్పేవాళ్లు ప్రతి వానాకాలం ఉంటారు. మా ఇంట్లో జరిగిందే ముందు చెప్తాం.

మక్క కంకి పాలు పోసుకునే రోజులు. సన్నగా తుంపర. మా చిన్నాయన మంచె దిగి, చేను అంచున మీట నొక్కాడు. టోపీ టప్పుమంది, తుపాకి పేలలేదు. ఏమైందో చూద్దామని మడమ నేలకు ఆనించి, గొట్టం మూతి మీద చెయ్యి పెట్టి వంగబోయాడు. అప్పుడు పేలింది. రెండు వేళ్లు పోయాయి. ఇంకొక్క క్షణం ఆలస్యమై ఉంటే తల పోయేది. ఆ మూడు వేళ్ల చేత్తోనే ఆయన తర్వాత ఇరవై ఏళ్లు నాగలి పట్టాడు. పందులు మాత్రం మర్నాడు మళ్లీ వచ్చాయి.

అందుకే మొదటి మాట. పేలని తుపాకిని పేలబోతున్న తుపాకిగానే చూడండి. లోపల నిప్పు రాజుకుంటూ ఉండొచ్చు. మూతిని మనిషి, పశువు, ఇల్లు లేని వైపు, నేల వైపు పెట్టి కనీసం రెండు నిమిషాలు కదలకుండా నిలబడండి. చీకట్లో గడియారం కనబడకపోతే నూట యాభై లెక్కపెట్టండి. పందులు పోతే పోనీయండి. మూతిలోకి చూడొద్దు, చెయ్యి అడ్డం పెట్టొద్దు, భుజాన వేసుకుని ఇంటికి నడవొద్దు.

ఆ తర్వాత కారణం వెతకాలి. చప్పుడును బట్టి సగం తెలుస్తుంది.

గుర్రం పడింది, టోపీ కూడా పేలలేదంటే తప్పు బయటే ఉంది. టోపీ చెమ్మ పట్టి ఉండాలి, లేదా నిప్పిల్ మీద పూర్తిగా కూర్చోక ఉండాలి. కూర్చోని టోపీని గుర్రం మొదటి దెబ్బకు కిందికి నెడుతుంది గానీ పేల్చలేదు. నిప్పిల్ కొన దెబ్బలు తిని చదునైనా, గుర్రం స్ప్రింగు అలసిపోయినా ఇంతే. టోపీలను చొక్కా జేబులో చెమటలో వేసుకోవద్దు, మూత గట్టిగా పడే చిన్న డబ్బాలో పెట్టుకోండి.

టోపీ పేలింది, మందు అంటుకోలేదంటే తప్పు దారిలో ఉంది. నిప్పిల్ రంధ్రం నూనెతోనో మసితోనో మూసుకుపోయి ఉంటుంది. పోయినేడు నూనె రాసి మూల నిలబెట్టిన తుపాకిలో నూనె మెల్లగా జారి మందు కూర్చునే చోటికి చేరుతుంది. అది తుడవకుండా మందు పోస్తే మందు తడుస్తుంది. అందుకే పోసేముందు పొడిగుడ్డతో లోపలంతా తుడిచి, ఖాళీ తుపాకికి ఒకటి రెండు టోపీలు పెట్టి నేలవైపు పేల్చండి. గొట్టం మూతి దగ్గర గడ్డిపోచ కదిలితే దారి తెరిచి ఉన్నట్టు.

చేతిలో నిండుగా పోసిన తుపాకే ఉండి, రెండు నిమిషాలు ఆగాక సన్నటి పిన్నుతో రంధ్రం తీసి, కొత్త టోపీ పెట్టి, ఖాళీ జాగా వైపు ఒక్కసారి ప్రయత్నించొచ్చు. అదీ కాకపోతే మళ్లీ ఆగి, టోపీ తీసి, లైసెన్సున్న తుపాకి మిస్త్రీని పొలానికే పిలిపించండి. మందున్న తుపాకిని బస్సులో వేసుకుని పోవద్దు. టోపీ తీసినంత మాత్రాన తుపాకి ఖాళీ అయినట్టు కాదు, ఇంట్లో పిల్లలున్నవాళ్లు ఇది మరచిపోవద్దు.

పోసేటప్పుడు జరిగే తప్పులు ఇంకా ప్రమాదం. గుండు మందు మీద ఆనాలి. మసి పట్టిన గొట్టంలో గుండు నడుమ ఇరుక్కుంటే "దిగిందిలే" అనుకుంటాం. మందుకు, గుండుకు నడుమ ఖాళీ ఉంటే గొట్టమే ఉబ్బి పగలొచ్చు. చీకట్లో ఒకసారి పోసింది మరచిపోయి రెండోసారి పోసినవాళ్లున్నారు. ఈ రెండింటికీ మందు ఒక్కటే, దట్టించే కడ్డీ మీద రెండు గీతలు. తుపాకి ఖాళీగా ఉన్నప్పుడు కడ్డీ ఎంత దిగుతుందో అక్కడొక గీత, సరిగ్గా పోసినప్పుడు ఎంత దిగుతుందో అక్కడొక గీత. చీకట్లో గోరు తగిలినా తెలిసేలా గాటు పెట్టుకోండి. కడ్డీ ఏ గీత దగ్గర ఆగిందో అదే నిజం, మన గుర్తు కాదు.

ఈ తుపాకికి నల్లమందు తప్ప వేరే తూటాలు విప్పి తీసిన మందు పోయొద్దు, గొట్టం తట్టుకోదు. ఒకసారి కాల్చాక లోపల నిప్పురవ్వ మిగిలి ఉంటుంది. డబ్బాలోంచి నేరుగా పోస్తే మంట డబ్బాలోకి వస్తుంది. ఒక్క మోతాదును చిన్న గొట్టంలో వేరుగా కొలిచి పెట్టుకుని, ముందు తడిగుడ్డతో, తర్వాత పొడిగుడ్డతో తుడిచాకే పోయండి. మోతాదు ఎంతో మిస్త్రీ చెప్పాలి, పక్కింటి అనుభవం కాదు. నల్లమందు మసి గాలిలో చెమ్మ లాక్కుని ఇనుమును తింటుంది కాబట్టి, కాల్చిన రోజే వేడి సబ్బునీళ్లతో కడిగి, ఆరబెట్టి, పలచగా నూనె రాయాలి. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు ఠాణాలో జమచేసి నెలల తర్వాత తెచ్చుకున్న తుపాకిని మిస్త్రీకి చూపించకుండా అసలు పోయొద్దు.

ఇదంతా విన్నాక మీకొక అనుమానం రావాలి. అన్నీ సరిగ్గా చేసినా ఈ తుపాకి ఒక్కసారే పేలుతుంది. మళ్లీ పోసేలోపు మంద పక్క చేనులో ఉంటుంది. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో ఈ రకం తుపాకితో వేటకు వేరే సీజనే పెడతారు. అక్కడ గురి తప్పినవాడు ఇంటికి పోయి పడుకుంటాడు. ఇక్కడ గురి తప్పితే ఆర్నెల్ల కష్టం పోతుంది. పైగా తుపాకి లైసెన్సు ఉందంటే పందిని కొట్టొచ్చని కాదు. 1972 వన్యప్రాణి చట్టం 11వ సెక్షన్ కింద అనుమతి వేరుగా కావాలి. 2022 సవరణ తర్వాత అడవిపంది రెండో షెడ్యూల్‌లో ఉంది. అనుమతి కాగితం లేకుండా కొడితే కేసు మన మీదే.

తుపాకి పేలక, అనుమతి రాక, విసిగిపోయినవాడు ఏం చేస్తున్నాడు? చేను చుట్టూ కరెంటు తీగ కడుతున్నాడు. ఆ తీగకు పంది ఒక్కటే పడదు. తెల్లారి నీళ్లు పెట్టడానికి వచ్చిన పాలివాడు పడతాడు, ఎద్దు పడుతుంది, కట్టినవాడే మరచిపోయి పడతాడు. సంఘం తరఫున చేతులెత్తి చెప్తున్నాం, ఆ తీగ కట్టొద్దు. కట్టినవాళ్లు ఈ రాత్రికే తీసేయండి. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు చేను చుట్టూ ఆముదం, కుసుమ వరుసలు వేయమంటున్నారు. పూర్తిగా ఆగకపోవచ్చు, కానీ మనిషి ప్రాణం తీయదు. నలుగురు రైతులు కలిసి వంతుల వారీగా కాపలా ఉంటే ఇంకా మేలు.

మేం అడుగుతున్నవి నాలుగే. దరఖాస్తు పెట్టిన వారంలోపు అనుమతి ఇస్తారో లేదో చెప్పాలి. శిక్షణ ఉన్న షూటర్లను ప్రభుత్వమే పంపాలి. లేఅవుట్లలో తుమ్మ కొట్టించే బాధ్యత ప్లాట్ల యజమానుల మీద పెట్టాలి. పంట నష్టాన్ని కోతకు ముందే వచ్చి చూసి పరిహారం కట్టాలి. ఇవి ఇస్తే బర్మారును సంతోషంగా గోడకు తగిలిస్తాం.

అందాకా కడ్డీ మీద రెండు గీతలు, పేలకపోతే రెండు నిమిషాలు. ఇంటికి పోయాక ఈ రెండు మాటలు కాపలాకు పోయే పిల్లలకు చెప్పండి. పంట పోతే వచ్చే కారుకు వేసుకుంటాం, మనిషిని వేసుకోలేం.

సెలవు. రైతుల ఐక్యత వర్ధిల్లాలి!