మాటలు మనవి, తాళం ఎవరిది?



1998లో మా సంస్థ సేకరించిన గృహహింస వాంగ్మూలాలు సీడీలో భద్రంగానే ఉన్నాయి. చదవలేం. అప్పటి డి.టి.పి. సాఫ్ట్‌వేర్ కంప్యూటర్ వెనక చిన్న లాక్ తగిలిస్తేనే పనిచేసేది. అది పాడైంది. మరోచోట తెరిస్తే తెలుగుకి బదులు పిచ్చిగీతలు. అక్షరాల సంకేతాలు కూడా కంపెనీ సొంతమే మరి!

చాలాకాలం దీన్ని నేనూ ఆఫీసు కుర్రాళ్లకి వదిలేశాను. యంత్రాలు మగవాళ్ల వ్యవహారమన్న భావన నాలోనూ ఉందన్నమాట.

రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రాజెక్టు ప్రకటించిన నాటినుంచి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం అడుగుతున్నది వాడుకునే, విప్పి చూసే, మార్చుకునే, పంచుకునే హక్కు. ధర సంగతి తర్వాత. పేటెంటు ఉంటే, ఇలాంటి ఫైళ్లని మార్చే ప్రోగ్రామ్ మనం సొంతంగా రాసుకున్నా కంపెనీ అడ్డుపడగలదు. మన దేశంలో 2004 డిసెంబర్ ఆర్డినెన్సు సాఫ్ట్‌వేర్ పేటెంట్లకు తలుపు తెరవబోతే, 2005లో పార్లమెంటు ఆ క్లాజు తీసేసింది. మందుల పేటెంట్ల గురించి అంత మాట్లాడిన మనం దీన్ని గమనించనేలేదు. 2012లో కాపీరైట్ చట్టంలో 65ఎ సెక్షన్ చేరింది: హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో డిజిటల్ తాళం పగలగొడితే రెండేళ్ల వరకు జైలు. మన వాంగ్మూలాలు మనం చదువుకోవడంలో ఆ ఉద్దేశం లేదు. తాళంచెవీ లేదు.

ఇప్పుడు లిబ్రెఆఫీస్‌లో, యూనికోడ్‌లో మళ్లీ టైపు చేస్తున్నాం, ప్రింట్లు దొరికినంత వరకు. ప్రింట్లు దొరకని స్త్రీలలో ఇద్దరు చనిపోయారు.