ఆటను చూసి మార్కులు వేయవచ్చా?



కళాశాలలో గేమ్ డిజైన్ ప్రాథమిక కోర్సు తీసుకున్న ఇద్దరిని ఊహించుకోండి. ఒకరు చక్కటి బొమ్మలతో, సంగీతంతో కంప్యూటర్‌లో ఆట తయారుచేసి తెచ్చారు. మరొకరు అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో గళ్లు గీసి, చొక్కా గుండీలను పావులుగా పెట్టుకుని వచ్చారు. ఎవరికి ఎక్కువ మార్కులు వేయాలి? మొదటివారికే అనిపిస్తుంది. కాని ఆ బొమ్మలూ, ప్రోగ్రామింగూ కోర్సుకు రాకముందే వచ్చినవి కావచ్చు. అప్పుడు మనం ఇంట్లో మంచి కంప్యూటర్ ఉన్నందుకు మార్కులు వేసినట్టవుతుంది.

ఇంతకీ ఈ కోర్సు నేర్పేది ఏమిటి? 2004లో రాబిన్ హునికీ, మార్క్ లెబ్లాంక్, రాబర్ట్ జుబెక్ ఒక పత్రంలో దీన్ని సులువుగా విడమరిచారు. ఆటలో నియమాలు ఉంటాయి. వాటితో ఆడుతుంటే ఒక ఆటతీరు పుడుతుంది. దానివల్ల ఆడేవారికి ఒక అనుభూతి కలుగుతుంది. ఆటను రూపొందించేవారి చేతిలో ఉండేవి నియమాలు మాత్రమే. ఫలానా నియమం మారిస్తే ఫలానా అనుభూతి కలుగుతుందని ఊహించి, ఆడించి, సరిదిద్దుకోవడమే ఇక్కడి విద్య.

వైకుంఠపాళినే తీసుకుందాం. అందులో ఆడేవారు నిర్ణయించేది ఏమీ లేదు, పాచిక ఎంత చెబితే అంతే. ఒక నియమం మార్చి నిర్ణయానికి చోటు కల్పించమని అడిగాం. ఒక విద్యార్థిని రెండు పాచికలు వేసి, నచ్చినదాన్ని వాడుకోవచ్చంది, ఆట రక్తి కడుతుందని ముందే రాసిచ్చింది అనుకోండి. ఆడించి చూస్తే ఆట చప్పబడింది. ఎందుకు? పాము నోరు 4 గళ్ల దూరంలో ఉంటే, ఒక పాచికతో అందులో పడే అవకాశం 6లో 1. ఎంచుకునే వీలుంటే, రెండు పాచికలూ 4 పడితేనే పాము తప్పదు, అంటే 36లో 1. అదే దూరంలో నిచ్చెన ఉంటే దాన్ని అందుకునే అవకాశం 6లో 1 నుంచి 36లో 11కి పెరిగింది. పాము భయం పోయింది, దాంతో ఆటా పోయింది. అప్పుడామె మరో నియమం చేర్చింది: మీరు వదిలేసిన అంకె ఎదుటివారి పావును నడుపుతుంది. ఇప్పుడు మీకు పనికొచ్చే అంకె తీసుకుంటే, మిగిలినది ఎదుటివారిని నిచ్చెన ఎక్కించవచ్చు. చేతిలో పాచికలు పట్టుకుని ఒక క్షణం ఆలోచించక తప్పదు.

ఈ ఆట బజారులో అమ్ముడుపోకపోవచ్చు. అయినా నేనైతే మార్కుల్లో సింహభాగం ఆమె రికార్డుకే వేస్తాను. ఆట అందానికి ఐదో వంతు మించి ఇవ్వను. చివరి రూపం కూడా విఫలమై, ఎందుకు విఫలమైందో సరిగ్గా చెప్పగలిగినా ఫస్ట్ క్లాసే.

లోలకం ప్రయోగంలో 980 రావాలని తెలిసి, లెక్కను వెనుకనుంచి రాసుకొచ్చే కళ మీకు నేను చెప్పనక్కరలేదు! ఇక్కడా రికార్డును చివరి రాత్రి కూర్చుని అల్లవచ్చు. అందుకే ఊహను ఆడించకముందే తేదీ వేసి ఉపాధ్యాయుడికి ఇవ్వాలి. ఆడేవారు మన ఆప్తమిత్రులు కాకూడదు. వారు ఆడుతున్నంతసేపూ మనం నోరు మెదపకూడదు. "బాగుంది" అన్న మాట కన్నా, ఎక్కడ ఆగారు, ఏ నియమాన్ని తప్పుగా అర్థం చేసుకున్నారు అన్నవి విలువైన సమాచారం.

నలుగురు కలిసి ఒకే ఆట చేస్తే నలుగురికీ ఒకే మార్కులు వేయడం సులువే గాని న్యాయం కాదు. ఒక్కొక్కరికి ఐదు నిమిషాల వైవా చాలు. ఆటలో ఒక నియమం తీసేసి, ఇప్పుడేమవుతుందని అడగాలి. ఆలోచనలో పాలుపంచుకున్నవారు వెంటనే పావులు జరిపి చూపిస్తారు.

వచ్చే పాఠంలోగా ఒక పని చేయండి. మీ ఊళ్లో ఆడే పులి-మేకలో రెండు మేకలను తగ్గించండి. ఎవరు ఎక్కువసార్లు గెలుస్తారో, ఎందుకో కాగితం మీద రాసి, మడిచి, పక్కవారికివ్వండి. ఆ తర్వాత పదిసార్లు ఆడి, ఆ కాగితం విప్పి చూడండి.