వైర్‌లెస్ అడాప్టరు నేర్పిన పాఠము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదు సంవత్సరములు నిండిన మన గ్రంథాలయమును గూర్చి పెద్దలు చెప్పవలసినదంతయు చెప్పిరి. కార్యదర్శిగారు నన్ను మూలనున్న కంప్యూటరును గూర్చి నాలుగు మాటలు చెప్పుమనిరి. నేను చెప్పబోవు వస్తువు బొటనవ్రేలంతటి యూఎస్‌బీ వైర్‌లెస్ అడాప్టరు. వస్తువు చిన్నదైనను అది మనకు నేర్పిన పాఠము చిన్నది కాదు.

మన కంప్యూటరు ఒక దాత యిచ్చిన పాతది. అందున్న విండోస్ 7నకు 2020 జనవరి 14తో కంపెనీవారి భద్రతా సవరణలు ముగిసినవి. క్రొత్త యంత్రమునకు సొమ్ము లేదు. కావున ఖర్చులేని లినక్సును ఎక్కించితిమి. అది చక్కగా నడచినది. కాని ఇంటర్నెట్టు వీధికి ఆవల ఒక సభ్యుని యింట నున్నది. వాడుకొనుటకు ఆయన సంతోషముతో ఒప్పుకొనెను గాని, వీధికడ్డముగా తీగ లాగినచో చెరకు ట్రాక్టర్లకు తగులును. అందుచే అడాప్టరు కొనవలసి వచ్చినది.

ఊరిలో ఒక విద్యార్థి యింట లినక్సుపై బాగుగా పనిచేయుచున్న అడాప్టరును చూచి, ఆ కంపెనీదే, ఆ మోడలే తెప్పించితిమి. తగిలించినచో దానిపై దీపమైనను వెలుగలేదు. “ఉచితముగా వచ్చిన సరకు ఇంతే” అని కొందరు పెదవి విరిచిరి.

యంత్రమును తిట్టుటకు ముందు యంత్రమునే అడుగవలెను గదా! టెర్మినల్ తెరచి ‘ఎల్‌ఎస్‌యూఎస్‌బీ’ అను ఆజ్ఞ నిచ్చితిమి. తగిలించిన ప్రతి వస్తువునకును ఎనిమిది అక్షరముల గుర్తు కనబడును. మొదటి నాలుగు తయారీదారుని, తక్కిన నాలుగు వస్తువును తెలుపును. జాబుపై ఊరిపేరు, ఇంటినంబరు ఉన్నట్లే అనుకొనుడు. విద్యార్థి అడాప్టరు గుర్తు వేరు, మన దాని గుర్తు వేరు! పెట్టెపై పేరు మార్చకయే లోపలి చిప్పును మార్చియుండిరి. మూలను సన్నని అచ్చులో వెర్షన్ సంఖ్య మాత్రము మారియున్నది. దానిని మేము చదువలేదు.

చిప్పు మారినచో డ్రైవరును మారవలెను. డ్రైవరనగా చిప్పునకును, లినక్సు గుండెకాయయైన కెర్నెలునకును నడుమ మాటలు చేరవేయు ప్రోగ్రాము. తిరుపతి వీధులలో బస్సు నడుపువారందరును తిరుమల ఘాటుపై నడుపజాలరు. ఆ మలుపులు తెలిసినవాడు వలయును. ఇదియు నట్టిదే. కొన్ని చిప్పులకు డ్రైవరుతో పాటు ఫర్మ్‌వేర్ అను ఫైలును కూడ అందింపవలెను. డెబియన్ అను లినక్సువారు 2023లో వెలువడిన 12వ విడుదల మొదలు ఇట్టి ఫైళ్లను స్థాపించు డిస్కులోనే చేర్చుచున్నారు.

మన చిప్పునకు డ్రైవరు మన కెర్నెలులో లేదు. దాని మూలప్రతిని ఇంటర్నెట్టునుండి తెచ్చి, ఇచ్చటనే కంపైలు చేయవలెను. ఇంటర్నెట్టు రావలెనన్న డ్రైవరు కావలెను, డ్రైవరు రావలెనన్న ఇంటర్నెట్టు కావలెను. పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు, పెళ్లి అయితే గాని పిచ్చి కుదరదన్న సామెత అందరికిని జ్ఞప్తికి వచ్చినది. తుదకు ఒక సభ్యుని ఫోనును తీగతో కంప్యూటరునకు కలిపి ‘యూఎస్‌బీ టెథరింగ్’ పెట్టగానే చిక్కు వీడినది. ఆ రాత్రి ఎనిమిది గంటలకు అడాప్టరు దీపము వెలిగినది.

కథ ఇంతటితో ముగియలేదు. నెల తిరుగక మునుపే ఒక బాలిక ఇంజనీరింగు సీటునకు వెబ్ ఆప్షన్లు పెట్టుకొనుటకు వచ్చినది. అది గడువునకు కడపటి దినము. అంతకు ముందు రాత్రియే కంప్యూటరు క్రొత్త కెర్నెలును తెచ్చుకొన్నది. అడాప్టరు మరల మూగవోయినది. బాలికను తండ్రితో బస్సెక్కించి చిత్తూరు పంపితిమి. పని జరిగినదని ఆమె సాయంత్రము వచ్చి చెప్పువరకు మాకు ముద్ద దిగలేదు.

దోషము లినక్సుది కాదు, మాది. మేము కట్టిన డ్రైవరు పాత కెర్నెలు కొలతకే సరిపోవును. కెర్నెలు మారినప్పుడెల్ల డ్రైవరును తానే తిరిగి కట్టు ‘డీకేఎంఎస్’ అను సాధనమున్నది. దానిని మేము వాడియుండలేదు. మరునాడు అట్లు చేసితిమి. నాటినుండి చిక్కు లేదు. మీలో ఎవరైన కొనదలచినచో పేరు చూచి కొనకుడు. లోపలి చిప్పు ఏదో అడిగి, దాని డ్రైవరు కెర్నెలులోనే ఉన్నదో లేదో విచారించి కొనుడు. ఏఆర్9271 అను చిప్పు అట్టిది. దాని ఫర్మ్‌వేర్ మూలప్రతిని సైతము తయారీదారులు 2013లో లోకమునకు విడుదల చేసిరి.

ఒకరు వ్రాసిన డ్రైవరు మరియొకరి కేల అందవలెను? ఇట్టి ప్రశ్నయే సుమారు 1980లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అను ఆయనకు కలిగినది. తమ ప్రయోగశాలలోని ప్రింటరును చక్కజేయుటకు దాని ప్రోగ్రాము మూలప్రతి నడిగిన, ఇయ్యమనిరి. ఆయన 1983లో, తెలిసిన విద్యను నలుగురితో పంచుకొను గ్నూ ప్రణాళికను ప్రకటించెను. 1991లో ఫిన్‌లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్సు కెర్నెలును అందరియెదుట పెట్టెను. 1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును స్థాపించిన పెద్దల తలంపును ఇదియే గదా! ఒకని బీరువాలో మూసిన పుస్తకము ఒకనికే చదువు; గ్రంథాలయములోని పుస్తకము ఊరందరికి చదువు.

కావున సభ్యులకు నా మనవి ఒక్కటే. కంప్యూటరు ప్రక్కన ఒక రిజిష్టరు ఉంచితిమి. ఏ వస్తువు చెడినది, దాని గుర్తు ఏది, ఏ ఆజ్ఞతో బాగుపడినది, ఏ తేదీన — ఈ నాలుగును తెలుగున వ్రాయుడు. కుదరని ప్రయత్నమును కూడ వ్రాయుడు. తరువాత వచ్చువాడు ఆ త్రోవ త్రొక్కకుండును. నాడు ఆ రిజిష్టరు ఉండియున్నచో ఆ బాలిక బస్సెక్కవలసిన పని ఉండెడిది కాదు.