పాత చాళ్లు, పాత పావతులు



కామాటి అన్న మాట మీలో చాలామందికి తెలిసినదే. మట్టి తవ్వేవాడు, రాయి మోసేవాడు, గోడ కట్టే మేస్త్రికి చేయందించేవాడు కామాటి. హైదరాబాదు పాతబస్తీలో కామాటిపురా ఉంది. ముంబయిలోనూ ఉంది. అక్కడ మరాఠీ నోట అది కామాఠీపురా అయింది. ఆ ముంబయి పేట గురించి ఈ పూట మీతో మాట్లాడదామని వచ్చాను. ఆ పేటలోని పాత ఇళ్లను తొలగించి మొత్తంగా కొత్తగా కట్టే పనికి ప్రభుత్వం పూనుకున్నది. సోలాపూరు, నాందేడు, చంద్రపూరు జిల్లాల తెలుగు ఇళ్లలో ముంబయిలో ఒక మేనమామో, చిన్నాయనో లేని ఇల్లు అరుదు. అలాంటివారి నెత్తిమీది కప్పుకు సంబంధించిన మాట ఇది.

కామాఠీపురా అనగానే కొందరు మొహం పక్కకు తిప్పుకుంటారు. ఆ పేరు దేనికి మారుపేరైందో మీకు తెలుసు, నాకూ తెలుసు. ఆ సంగతికి తర్వాత వస్తాను. అంతకంటే ముందు ఆ పేటకు ఇంకొక చరిత్ర ఉంది, అది మనవాళ్లది.

ముంబయి ఒకప్పుడు ఏడు దీవులు. మహాలక్ష్మికీ వర్లీకీ నడుమ సముద్రం లోపలికి తోసుకువచ్చి పల్లపు నేలనంతా ముంచేది. గవర్నరు విలియం హార్న్‌బీ కాలంలో అక్కడ కట్ట వేశారు. 1784 నాటికి అది పూర్తయింది. నీరు రావడం తగ్గాక పల్లపు నేల కొంచెం కొంచెంగా ఆరింది, పూడ్చినకొద్దీ ఊరికి పనికివచ్చింది. 18వ శతాబ్దం చివరలో నిజాం ఇలాకా నుంచి పని వెతుక్కుంటూ వెళ్లిన తెలుగు కూలీలు అలా తేలిన నేల మీదే కాపురం పెట్టారు. వాళ్ల పేరే పేటకు పేరైంది. ఊరిని కట్టడానికి వెళ్లినవాళ్లకు ఊళ్లో దొరికింది ఆ పల్లపు నేల. వానాకాలంలో ఆ ప్రాంతం ఇప్పటికీ నీళ్లలో నిలబడుతుందంటే కారణం అదే.

కూలీలుగా వెళ్లినవారిలో కొందరు కాంట్రాక్టర్లయ్యారు. 1873లో జ్యోతిరావు ఫూలే పుణేలో సత్యశోధక సమాజాన్ని స్థాపించారు. ముంబయిలో ఆ ఉద్యమానికి డబ్బుతోనూ, మనుషులతోనూ అండగా నిలిచినవారిలో వెంకు బాలోజీ కాలేవార్, జయా కరాడి లింగూ వంటి తెలుగువారున్నారు. ఆ చివరి పేరులోని లింగూ మన లింగడేనని ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు. మా పిల్లలు చదివే పాఠంలో ఫూలే ఉంటాడు గాని ఈ లింగడు కనిపించడు. నేను మాత్రం తరగతిలో చెబుతూనే ఉంటాను.

ఇక ఇళ్ల విషయం. కామాఠీపురాలో వీధులకు పేర్లకంటే నంబర్లే ఎక్కువ వాడుక, ఒకటో గల్లీ, రెండో గల్లీ అని. చిన్న చిన్న తుండ్ల మీద ఒకదానికొకటి ఆనుకుని రెండు మూడు అంతస్తుల చాళ్లు. ఒక వరండా, దాని వెంట వరుసగా ఖోలీలు, చివర అందరికీ కలిపి పాయిఖానాలు. ఈ ఇళ్లు ఎందుకు ఇంతగా శిథిలమయ్యాయి? ఇంటి యజమాని పిసినారితనం అని ఒకరంటారు, అద్దెదారు మొండితనం అని ఇంకొకరంటారు. అసలు సంగతి చట్టంలో ఉంది. యుద్ధకాలంలో బాడుగలు పెరిగిపోతుంటే వాటిని కట్టడి చేశారు. 1947 నాటి బొంబాయి అద్దె చట్టం ఆ బాడుగలను దాదాపు 1940 నాటి మట్టానికి బిగించేసింది. ఆ చట్టమే లేకపోతే మిల్లు కార్మికుడు, కామాటి, హమాలీ నగరం నడిబొడ్డున నిలిచేవారు కారు. కాని బాడుగ పెరగని ఇంటికి యజమాని సున్నం కూడా వేయించడు. దూలాలు పుచ్చాయి, మెట్లు ఊగాయి. వానాకాలం రాగానే ఎక్కడో ఒకచోట ఇల్లు కూలిందన్న వార్త వచ్చేది. దాంతో 1969లో మరమ్మతుల బోర్డు పెట్టి, ఈ పాత ఇళ్ల మీద సెస్సు వేసి, ఆ డబ్బుతో మరమ్మతు చేయడం మొదలుపెట్టారు. వాటినే సెస్సు ఇళ్లంటారు. ఆ పని తర్వాత మ్హాడా చేతికి వచ్చింది.

మరమ్మతుకు లొంగని ఇంటిని పడగొట్టి కట్టాలి. కాని అరచేయంత తుండు మీద ఒక్క ఇల్లు విడిగా కడితే లిఫ్టుకు, ఫైరింజను తిరగడానికి, గాలీ వెలుతురుకూ చోటుండదు. అందుకని ఇళ్లన్నిటినీ ఒక గుంపుగా కలిపి పెద్ద టవర్లు కట్టే పద్ధతి తెచ్చారు. కామాఠీపురాకు ఈ పద్ధతిని 2023లో ప్రభుత్వం ఖాయం చేసింది. 2025లో మ్హాడా టెండర్లు పిలిచింది. సుమారు 34 ఎకరాల నేల. అర్హుడైన ప్రతి అద్దెదారుకు 500 చదరపు అడుగుల ఇల్లు ఇస్తామని ప్రకటించారు. నూరు, నూటయాభై అడుగుల ఖోలీలో పుట్టి పెరిగినవాళ్లకు ఇది మామూలు మాట కాదు. ఇంట్లోనే స్నానాల గది, ఇంట్లోనే పాయిఖానా. రాత్రిపూట ఆడపిల్ల డబ్బా పట్టుకుని వరండా చివరిదాకా నడవనక్కరలేదు. పాత పేట పోతున్నదని దూరాన కూర్చున్న మనం నిట్టూర్చడం సులువు. ఆ వరండాలో నడిచిన ఆడవాళ్లను అడగండి, ఎప్పుడు కూలుస్తారని వాళ్లే ఎదురు చూస్తుంటారు. నేను వాళ్ల పక్షమే.

అయితే ఆ అర్హుడన్న ఒక్క మాట దగ్గరే చిక్కంతా ఉంది.

అర్హుడెవరు? పావతి ఉన్నవాడు. యజమాని ఇచ్చే బాడుగ రశీదును అక్కడ పావతి అంటారు. మన ఊళ్లలోనూ ఆ మాటే వాడుక. దాని మీద ఎవరి పేరుంటే కొత్త ఇల్లు వారిది. నేను బడిపంతులును, తెలుగూ మరాఠీ రెండూ చదువుతాను కనుక ఇలాంటి కాగితాలు నా దగ్గరికి తరచు వస్తుంటాయి. ఒక పిల్లవాడి తాత ఒకనాడు ప్లాస్టిక్ సంచి నిండా పావతులు తెచ్చి నా బల్ల మీద పోశాడు. ఆయన ముంబయిలో బట్టల మిల్లులో పనిచేసి, 1982 సమ్మె తర్వాత ఊరికి వచ్చేసిన మనిషి. ఖోలీలో ఇప్పుడు కొడుకు ఉంటున్నాడు. పావతులు చూస్తే, అవి ఆయన పేరు మీదా లేవు, కొడుకు పేరు మీదా లేవు. ఎప్పుడో కాలం చేసిన ఆయన తండ్రి పేరు మీదే నేటికీ నడుస్తున్నాయి. "బాడుగ నేనే కట్టినాను గద సార్, మరి ఇల్లు నాది కాదా?" అని అడిగాడు.

చట్టం ఆయన్ను పూర్తిగా వదిలేయలేదు. 1999 నాటి మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం ప్రకారం, అద్దెదారు చనిపోయినప్పుడు ఆయనతో కలిసి అదే ఇంట్లో ఉంటున్న కుటుంబ సభ్యుడు అద్దెదారవుతాడు. అలా ఎవరూ లేకపోతే వారసులకు వస్తుంది. కాని అప్పుడు కలిసి ఉన్నానని చూపించే కాగితం కావాలి. పాత రేషన్ కార్డు, ఓటర్ల జాబితా, పిల్లల బడి దాఖలా, కరెంటు బిల్లు, ఇలాంటివేవైనా సరే. పుచ్చుకున్న డబ్బుకు రశీదు ఇవ్వడం యజమాని విధి అని కూడా ఆ చట్టంలోనే ఉంది. పేరు మార్చి పావతి ఇమ్మంటే కొందరు యజమానులు ఏం అడుగుతారో వేరే చెప్పాలా? ఆ తాత పని ఇప్పటికీ నలుగుతూనే ఉంది.

ఇంకొక చిక్కు మన పేర్లది. మనం ఇంటిపేరు ముందు పెట్టుకుంటాం. అక్కడ సొంత పేరు, తండ్రి పేరు, చివర ఇంటిపేరు. నాందేడు, చంద్రపూరు వైపు ఇంటిపేరుకు వార్ తగిలించారు. సోలాపూరు వైపు దేవరకొండను ద్యావరకొండ అని రాశారు. పావతిలో రాజయ్య లింగయ్య, రేషన్ కార్డులో రాజు లింగప్ప, ఆధార్‌లో రాజన్న. ముగ్గురూ ఒక్కడే. మనకు నవ్వులాట, కాని సర్వే చేసే గుమాస్తాకు వాళ్లు ముగ్గురు మనుషులు. అతనిది తప్పనడానికీ లేదు. ఇద్దరూ ఒకరేనని ప్రమాణపత్రం రాయించి నోటరీ చేయించడం, అవసరమైతే గెజెట్‌లో వేయించడం, ఇవి సర్వే రాకముందే చేసుకోవలసిన పనులు. సర్వే అయిపోయాక అదే పనికి పదింతలు తిరగాలి.

అన్నదమ్ముల సంగతి చెప్పకపోతే ఈ ప్రసంగం సగమే అవుతుంది. ఒకే ఖోలీని ప్లైవుడ్ చెక్కతో రెండుగా చేసుకుని, రెండు పొయ్యిలు పెట్టుకున్న ఇళ్లు ఎన్నో. సెస్సు ఇళ్ల పునర్నిర్మాణ నిబంధనలలో 13-6-1996 అని ఒక తేదీ ఉంది. ఆ తేదీ తర్వాత కొత్తగా పుట్టించిన అద్దె హక్కును లెక్కలోకి తీసుకోరు. అంటే ఆ తర్వాత పొయ్యిలు రెండైనా ఇల్లు ఒక్కటే వస్తుంది. ఇంతకాలం చెక్కకు అటూ ఇటూ సర్దుకుని బతికిన అన్నదమ్ములు ఆ ఒక్క తాళంచెవి దగ్గర కోర్టుకెక్కుతారు. పెద్దలు బతికి ఉండగానే కూర్చుని, ఎవరికి ఇల్లు, ఎవరికి డబ్బు అని తేల్చి కాగితం రాసుకుంటే అంతవరకు రాదు.

ఇక పావతే లేనివాళ్లు. అద్దెదారు దగ్గర అద్దెకున్నవాళ్లు, అటక మీద పడుకుని సంచులు కుట్టే కుర్రవాళ్లు, వాళ్ల వెంట ఇందాక నేను వాయిదా వేసిన ఆడవాళ్లు. ఇప్పుడు ఆ వృత్తి మునుపటంత లేదు, కొద్ది గల్లీలకే తగ్గింది. వాళ్లు మంచానికి ఇంతని రోజు బాడుగ కడతారు. లెక్క వేస్తే ఆ గల్లీలో అందరికంటే ఎక్కువ బాడుగ కట్టేది వాళ్లే, ఒక్క రశీదూ లేనిదీ వాళ్లకే. వాళ్లలో మన రాష్ట్రాల నుంచి, మన సరిహద్దు జిల్లాల నుంచి వెళ్లినవారూ ఉన్నారన్నది దాచవలసిన విషయం కాదు. పావతి ఒక్కటే కొలబద్ద అయినప్పుడు, ఇరవై ఏళ్లున్నా వాళ్లు ఆ పేటలో లేనట్టే. పేట పేరు చెడిందని అందరూ అంటారు గాని, పేట లేచిపోయేనాడు వీళ్లు ఎక్కడికి పోవాలన్నది మాత్రం ఎవరి టెండరులోనూ ఉండదు. నాకు ఇది అన్యాయంగానే కనిపిస్తుంది.

పని పూర్తయిన చోట ఎలా ఉందంటారా? వర్లీ బీడీడీ చాళ్లను చూడండి. బొంబాయి డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ 1920లలో కట్టించిన చాళ్లు అవి, 160 అడుగుల గదులు. మన పద్మశాలీ కుటుంబాలు కూడా ఆ పరిసరాల్లో ఎన్నో ఉన్నాయి. అక్కడ 2025 ఆగస్టులో 556 కుటుంబాలకు 500 అడుగుల ఇళ్ల తాళాలు ఇచ్చారు. అది మంచి ఉదాహరణ. చెడ్డది కావాలంటే గోరేగావ్‌లోని పత్రా చాళ్. 672 కుటుంబాలు 2008 ఒప్పందం నమ్మి ఇళ్లు ఖాళీ చేశాయి. బిల్డరు పని పూర్తి చేయలేదు. 2018లో మ్హాడా అతన్ని తప్పించింది. ఈలోగా ముసలివాళ్లు కొందరు బయటి బాడుగ ఇళ్లలోనే కన్నుమూశారు. అందుచేత సమ్మతి పత్రం మీద సంతకం చేసేముందు, వేలిముద్ర వేసేముందు, ఈ సంగతులు అడగాలి. కొత్త ఇల్లు వచ్చేదాకా బాడుగ ఎవరు ఇస్తారు, ఎన్నాళ్లు ఇస్తారు, ఆపేస్తే ఎవరిని పట్టుకోవాలి, ఒప్పందం రిజిస్టరు అవుతుందా. కాగితం ఇంగ్లీషులో ఉంటే మరాఠీలో అడగండి, మరాఠీ రాకపోతే చదివేవాణ్ణి వెంట తీసుకుపోండి. చదువు రాదని సిగ్గుపడి సంతకం పెట్టినవాళ్లను నేను చాలామందిని చూశాను.

తాళం చేతికొచ్చాక కూడా ఒక ఖర్చు ఉంటుంది. చాళిలో బాడుగ నామమాత్రం. టవర్‌లో లిఫ్టు, నీళ్ల పంపు, కావలివాడు, వీటన్నిటికీ నెలనెలా కట్టాలి. కట్టలేనివాడు ఇల్లు అమ్మి కల్యాణ్‌కో, భివండీకో వెళ్లిపోతాడు. ఒక్కొక్కరే అలా కదిలితే గల్లీలో బతుకమ్మ పేర్చే ఇళ్లు తగ్గుతాయి, పిల్లల నోట తెలుగు తగ్గుతుంది. మన భాష అక్కడ రెండు వందల ఏళ్లు నిలిచింది బడి వల్ల కాదు, వరండా వల్ల. ఇరవయ్యో అంతస్తులో తలుపులు మూసి ఉంటాయి. దానికి ఏం చేయాలో ఆ టవర్లలోకి వెళ్లబోయేవాళ్లే ఆలోచించుకోవాలి. సొసైటీ నియమాలు రాసుకునేటప్పుడే పండుగకు, పెళ్లికి, భజనకు ఒక హాలు అడిగి పెట్టుకుంటే మంచిదని నా సలహా.

దసరాకు ముంబయి నుంచి మీ ఇంటికి చుట్టాలు వస్తారు. వచ్చేటప్పుడు ఆ కాగితాల సంచి వెంట తెమ్మని ఇప్పుడే కబురు పెట్టండి. పావతి మీద పేరు ఎవరిదో చూడండి. దాని పక్కన రేషన్ కార్డు పెట్టి అక్షరం అక్షరం పోల్చండి. రెండు జతలు నకళ్లు తీయించి ఒక జత మీ దగ్గర ఉంచుకోండి, వానాకాలంలో ఆ ఇళ్లు ఎలా కురుస్తాయో మీకు తెలుసు.