ఎఫ్‌పీయూ లేని చిప్‌కి కంపైలర్ సెట్టింగ్స్: భీమిలి నీటిమట్టం ప్రాజెక్ట్

భీమిలిలో గోస్తని నది సముద్రంలో కలిసే చోటు చాలామంది చూసే ఉంటారు. అక్కడ ఆటుపోట్లకి నీరు ఎంత పెరుగుతోందో కొలవడానికి ఒక చిన్న పరికరం చేస్తున్నా. అల్ట్రాసోనిక్ సెన్సార్, బ్లూ పిల్ బోర్డు, అంతే. ఆ బోర్డులో ఉండేది కార్టెక్స్ ఎం3. దశాంశాల లెక్కలు చేసే హార్డ్‌వేర్, అంటే ఎఫ్‌పీయూ, దాంట్లో ఉండదు.

నేనేమో పాత ఎం4 ప్రాజెక్ట్ మేక్‌ఫైల్‌నే కాపీ కొట్టేశా. కంపైల్ అయింది, లింక్ అయింది, ఒక్క వార్నింగ్ కూడా లేదు. బోర్డులో వేస్తే ఎల్ఈడీ రెండుసార్లు వెలిగి ఆగిపోయింది. వైరింగ్ తప్పేమో అనుకుని సోల్డరింగ్ అంతా విప్పి మళ్లీ చేశాను! రెండు రాత్రులు పోయాక డీబగ్గర్ పెడితే తెలిసింది, హార్డ్‌ఫాల్ట్ అని. లేని ఎఫ్‌పీయూకి పని చెప్తే చిప్ మాత్రం ఏం చేస్తుంది?

జీసీసీలో మార్చాల్సింది కొంచెమే. సీపీయూ కార్టెక్స్ ఎం3 అని, ఫ్లోట్ ఏబీఐ సాఫ్ట్ అని రాయండి. ఎఫ్‌పీయూ లైన్ తీసేయండి. ఇప్పుడు ప్రతి దశాంశ లెక్కకీ కంపైలర్ లిబ్‌జీసీసీలోని ఫంక్షన్‌ని పిలుస్తుంది. ఇవే ఆప్షన్లు లింక్ చేసేటప్పుడు కూడా ఇవ్వాలి, లేకపోతే వేరే రకం లిబ్‌జీసీసీ వచ్చి కూర్చుంటుంది. సాఫ్ట్‌ఎఫ్‌పీ అని ఇంకోటి కనిపిస్తుంది, పేరు చూసి మోసపోకండి. దానికీ ఎఫ్‌పీయూ కావాల్సిందే.

ఇది మార్చగానే లింకర్ గొడవ మొదలుపెట్టింది. నేను వాడిన ఫిల్టర్ లైబ్రరీ ఎం4 కోసం ముందే కంపైల్ చేసి ఉంది. అది విలువల్ని ఎఫ్‌పీయూ రిజిస్టర్లలో వెతుకుతుంది, నా కోడ్ మామూలు రిజిస్టర్లలో పంపుతుంది. ఇక కుదిరేదెలా? సోర్స్ తెచ్చుకుని సాఫ్ట్‌తో మళ్లీ కంపైల్ చేశా.

ఇంకో చిక్కు. కోడ్‌లో 0.01715 అని రాస్తే సీ భాషలో అది డబుల్. సాఫ్ట్‌వేర్‌లో డబుల్ అంటే ఇంకా నెమ్మది, ఫ్లాష్ కూడా ఎక్కువ తింటుంది. చివర ఎఫ్ పెడితే ఫ్లోట్ అవుతుంది. నేనైతే ఫ్లోటే తీసేశా. మైక్రోసెకన్లని 343తో గుణించి 2000తో భాగిస్తే దూరం మిల్లీమీటర్లలో వచ్చేస్తుంది, అన్నీ పూర్ణాంకాలే.

మీ దగ్గర ఎవరో ఇచ్చిన లైబ్రరీ ఉంటే, వాడే ముందు రీడ్‌ఎల్ఫ్‌కి క్యాపిటల్ ఏ ఆప్షన్ ఇచ్చి చూడండి. అందులో వీఎఫ్‌పీ రిజిస్టర్స్ అని కనిపించిందా, అది ఈ బోర్డుకి పనికిరాదు.