నానిన సున్నం, పాత సున్నం



మన హోసూరులో తెలుగువారు సున్నమంటారు, తమిళులు సుణ్ణాంబు అంటారు, కన్నడిగులు సుణ్ణ అంటారు. మూడింటికీ సంస్కృతంలోని చూర్ణ శబ్దంతో చుట్టరికం ఉంది. ఇంత దగ్గరి మాట అనువాదంలో నన్ను ఇబ్బంది పెట్టదనుకున్నాను. ఆ నమ్మకం నిలువలేదు.

కొంతకాలం క్రితం ఒక పాత కట్టడపు మరమ్మతు పత్రాన్ని తెలుగు చేయవలసి వచ్చింది. అందులో ‘ఏజ్డ్ లైమ్ పుట్టీ’ అని ఉంది. నేను ‘పాత సున్నపు ముద్ద’ అని వ్రాశాను. దానిని చదివించుకొని విన్న ఒక వృద్ధ మేస్త్రీ, “అమ్మా, పాత సున్నం ఎవురన్నా గోడకు పూస్తారా? అది గాలికి చచ్చిన సున్నం. మీరు చెప్పాల్సింది నానిన సున్నం” అన్నారు. తెలుగు ఎం.ఏ. చదివిన నాకు ఆ భేదం తోచలేదు. ఆ భేదమే నేటి ప్రసంగ విషయం.

సున్నపురాతిని సుమారు 900 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో కాల్చితే బొగ్గుపులుసు వాయువు వెలువడి పొడిసున్నం మిగులుతుంది. శుద్ధమైన రాయి 100 కిలోలైతే మిగిలేది 56 కిలోలే. దానిపై నీరు పోస్తే అది సలసల మరిగి, ఉబ్బి, తడిసున్నమవుతుంది. దీనిని గొయ్యిలో నింపి, పైన ఎల్లప్పుడూ నీరు నిలిచేటట్లు ఉంచితే గాలి సోకదు. గాలి సోకితే అదే వాయువును మళ్ళీ పీల్చుకొని గోడను చేరకముందే రాయిగా మారుతుంది. మేస్త్రీ చెప్పిన చచ్చిన సున్నం ఇదే.

నీటి అడుగున జరిగేది వేరు. మొదట, బట్టీలో అతిగా కాలిన పలుకులు నెమ్మదిగా నీరు త్రాగి విరుగుతాయి. వాటికి ఆ గడువు ఇవ్వకుండా గచ్చు చేస్తే అవి గోడలోనే ఉబ్బి పొక్కులు లేపుతాయి. రెండవది కంటికి కానరాని మార్పు. 1998లో గ్రనడా విశ్వవిద్యాలయానికి చెందిన కార్లోస్ రోడ్రిగెజ్ నవారో, ఆయన సహచరులు ఈ మార్పును వివరించారు. తాజా ముద్దలో స్తంభాల వలె ఉన్న స్ఫటికాలు నానేకొద్దీ చిన్నవై, పలుచని పలకలవుతాయి. ఆ పలకలు నీటిని బాగా పట్టి ఉంచుతాయి, ఒకదానిపై ఒకటి జారుతాయి. కాబట్టే నానిన ముద్ద తాపీకి వెన్నవలె లొంగుతుంది. పూసిన తరువాత గాలిలోని వాయువును త్వరగా గ్రహించి గట్టిపడుతుంది కూడా. మూడేండ్లు నిండని సున్నాన్ని వాడరాదని పూర్వపు కట్టడపు నిబంధనలు శాసించేవని రోమన్ రచయిత ప్లినీ వ్రాశాడు. అందరికీ మూడేండ్లు కావాలని నేననను; రాతి గుణాన్నీ కాల్చిన తీరునూ బట్టి గడువు మారుతుంది.

అంగడిలో సంచులలో దొరికే సున్నపు పిండిని నీట కలిపి నానబెట్టితే సరిపోదా అని అడుగుతారు. అంత ఫలితం రాదు. పిండిగా ఎండేటప్పుడే దాని రేణువులు ఒకదానికొకటి అతుక్కొని ఉంటాయి; తరువాత ఎంత నానినా పూర్తిగా విడివడవు. బడి పుస్తకంలోని ‘పొడిసున్నం’ ఈ సంచి పిండి కాదన్న సంగతి కూడా నేను ఆలస్యంగానే గ్రహించాను.

ఇక మన సంగతి. రాయకోట దుర్గం 1791లో ఆంగ్లసేన వశమైంది. పోర్ట్‌లండ్ సిమెంటుకు పేటెంటు లభించినది 1824లో. కనుక రాయకోటలోను, కృష్ణగిరి కొండకోటలోను ఆనాటి గోడల్లో సిమెంటు ఉండే అవకాశమే లేదు. అటువంటి గోడకు నేడు సిమెంటు మెత్తితే లోపలి తేమ బయటకు రాలేక మెత్తని ఇటుకను, పాత గారను తినివేస్తుంది. హైదరాబాదులోని కుతుబ్‌షాహీ సమాధుల వద్ద 2013లో ఆరంభమైన పరిరక్షణలో, గత శతాబ్దంలో పూసిన సిమెంటును ఒలిచి మరల సున్నపు గచ్చు చేశారు. ఒకే గోడకు రెండు మార్లు ఖర్చు!

సున్నమే వాడుదామని అందరూ ఒప్పుకున్నా చిక్కు కాలం దగ్గర వస్తుంది. నిధులు మంజూరై, టెండరు ముగిసి, పని మొదలయ్యేసరికి మార్చి నెల తరుముకొస్తుంది. ఆనాడు నీరు పోసిన సున్నాన్ని ఆ వారంలోనే గోడకెక్కిస్తారు. పొక్కులు లేచిన తరువాత, సున్నానికి బలం లేదని నింద. నా అభిప్రాయంలో, ఏ మరమ్మతుతోనూ ముడిపెట్టకుండా ఊరికొక మూత గల సున్నపు గొయ్యి ముందే ఉండాలి. దాని ఖర్చు స్వల్పం. కావలసినది నీరు ఇంకకుండా చూచుకునే ఒక మనిషి.

పత్రంలో నా తప్పును ఇలా దిద్దాను: “నీటిలో నానిన సున్నపు ముద్ద, గొయ్యి తెరచినపుడు పైన నీరు నిలిచి ఉండవలెను.” మేస్త్రీకి చదివి వినిపించాను. మాట సరిపోయిందన్నారు. “గొయ్యి ఎప్పుడు తవ్వుతారమ్మా?” అని అడిగారు. ఆ ప్రశ్నను ఈ సభ ముందుంచుతున్నాను.